దత్తబిడ్డ పుట్టిన దేశంలోని ఆసుపత్రికి ఇవ్వాలా, మన మర్రిగూడకు ఇవ్వాలా?

చండూరు నుంచి ఒక చిన్నమ్మ:
ఇథియోపియా 2018లో విదేశీ దత్తతలను నిషేధించక ముందే, అమెరికాలో ఉంటున్న మా అక్కాబావలు అక్కడి నుంచి నాలుగేళ్ళ ఆడపిల్లను తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఏటా అడిస్ అబాబాలోని ఫిస్టులా ఆసుపత్రికి విరాళం పంపుతున్నారు. ఆ డబ్బు మన నల్గొండ జిల్లాకే, మర్రిగూడకే రావాలని నాన్న పట్టు. మీరేమంటారు?

మర్రిగూడ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు:
అమ్మా, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళు తాగి కాళ్ళు వంకర తిరిగిన పిల్లలను తల్లులు చంకన వేసుకొని బడికి తెచ్చిన రోజులు నేను చూశాను. మిషన్ భగీరథ పథకం కుళాయి నీళ్ళు వచ్చాయి, సంతోషమే. కానీ అంతకు ముందే వంగిపోయిన ఎముకలు ఆ నీళ్ళతో నిటారు కావు. మంచం పట్టిన వారికి మందులు, పక్కన ఒక మనిషి తోడు కావాలి. మీ నాన్నగారి మాటే న్యాయం.

మహబూబ్‌నగర్ నుంచి ఒక నర్సు:
1974లో హామ్లిన్ దంపతులు స్థాపించిన ఆ ఆసుపత్రి పని చాలా గొప్పది. కాన్పు రోజుల తరబడి కష్టమై, సిజేరియన్ చేసే దిక్కు లేనప్పుడు, బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయం దగ్గరి కండ చచ్చి రంధ్రం పడుతుంది, దాన్నే ఫిస్టులా అంటారు. ఆ తల్లికి మూత్రం ఆగకుండా కారుతూనే ఉంటుంది. అలాంటి వారికి అక్కడ ఉచితంగా శస్త్రచికిత్స చేస్తారు. నా సందేహమల్లా పిల్ల గురించే. విరాళం ఆమె పేరు మీద వెళితే, తనను తెచ్చుకున్నందుకు బాకీ తీరుస్తున్నారని ఆమెకు అనిపించదా?

చండూరు చిన్నమ్మ:
మాస్టారూ, మొన్న వేసవిలో ఆ పిల్ల మా వాకిట్లో మామిడికాయ కొరికి, పులుపుకు కళ్ళు మూసుకొని నవ్వింది. పై పళ్ళ మీద గోధుమరంగు చారలు, అచ్చం నా పళ్ళ మీద ఉన్నట్టే. మా అమ్మ దాని గడ్డం పట్టుకొని చాలాసేపు వదల్లేదు. ఆ పిల్ల పుట్టిన ఇథియోపియా రిఫ్ట్ లోయలోనూ భూగర్భ జలాల్లో, పళ్ళకు ఆ చారలు తెచ్చే ఫ్లోరైడ్ ఎక్కువ. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిని తేర్చే పద్ధతిని అక్కడి పల్లెల్లో కూడా వాడారు, నల్గొండ టెక్నిక్ అన్న మన ఊరి పేరుతోనే. దాన్ని మనకు ఇచ్చింది మాత్రం నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. కాబట్టి ఆ దేశాన్ని రచ్చ అనడానికి నాకు మనసొప్పదు. పైగా, పిల్ల కన్నతల్లి తర్వాతి కాన్పులో, నొప్పులు మొదలైన మూడో రోజున ఆసుపత్రికి చేరకముందే చనిపోయిందని దత్తత కాగితాల్లో రాసి ఉంది. అక్క అక్కడికే ఎందుకు పంపుతోందో ఇంతకంటే చెప్పలేను.

నర్సు చెల్లీ, మీ మాట నాకు గట్టిగా తగిలింది. ఇన్నాళ్ళూ రసీదు పిల్ల పేరు మీదే వస్తోంది. అక్కాబావల పేరు మీదికి మార్చుకోమని నిన్న రాత్రే ఫోన్ చేశాను, అక్క సరేనన్నది.

మర్రిగూడ సంగతి వేరు. అక్కడికి దగ్గర్లో ఉన్నది నేనూ నాన్నా. అక్క పంపాలి అంటూ ఇన్నేళ్ళూ మేము చేతులు కట్టుకొని కూర్చున్నాము. మాస్టారూ, మంచం పట్టిన మనిషి ఉన్న ఇల్లు ఒకటి చూపించండి. తోడు మనిషి జీతం ఈ నెల నుంచి మేమిద్దరమే ఇస్తాము.