గర్ల్ స్కౌట్స్ ఫన్ ప్యాచ్‌లు వెస్ట్ మీద ఎక్కడ కుట్టాలి? సొంతంగా చేయించడం ఎలా?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ):
అందరికీ నమస్తే. మా పాప రెండో తరగతి, ఈ ఏడాదే అమ్మాయిల సంస్థ గర్ల్ స్కౌట్స్‌లో బ్రౌనీ (రెండు, మూడు తరగతుల పిల్లల స్థాయి) అయింది. కుకీలు అమ్మినందుకు, ఫిబ్రవరి 22న థింకింగ్ డేకి (ప్రపంచమంతా గర్ల్ స్కౌట్లు జరుపుకునే రోజు), ఫామ్ చూడటానికి వెళ్లినందుకు ఇచ్చిన ప్యాచ్‌లన్నీ (ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ బిళ్లలు) డబ్బాలో ఉన్నాయి. వీటిని యూనిఫాం వెస్ట్ (చేతుల్లేని కోటు) మీద బ్యాడ్జీల పక్కనే కుట్టాలా? మే నెలలో ట్రూప్ (పాప ఉన్న స్కౌట్ల బృందం) అంతా క్యాంపుకి వెళ్తోంది. దానికి సొంతంగా ప్యాచ్ చేయించే పని నాకు అప్పజెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (టెక్సాస్, ట్రూప్ లీడర్):
కంగారు పడకండి. వెస్ట్ ముందు భాగం కౌన్సిల్ (మీ ప్రాంతపు గర్ల్ స్కౌట్స్ శాఖ) పేరుకి, ట్రూప్ నంబరుకి, పిన్నులకి, పిల్లలు నేర్చుకుని సంపాదించుకున్న బ్యాడ్జీలకి. వెళ్లినందుకు, పాల్గొన్నందుకు ఇచ్చే ఫన్ ప్యాచ్‌లు వీపు వైపు. అక్కడ వరస నియమం ఏమీ లేదు, పాపనే పేర్చుకోనివ్వండి. మూడో తరగతి దాకా ఇదే వెస్ట్ కాబట్టి చోటు మాత్రం కాస్త మిగల్చండి.

వెనక జిగురున్న ప్యాచ్‌ని ఇస్త్రీ చేస్తే అంటుకుంటుంది కానీ, ఉతుకుల్లో అంచులు లేస్తాయి. అందుకని ఇస్త్రీ చేసినా చుట్టూ నాలుగు కుట్లు వేయాల్సిందే. అంచు రంగు దారమే తీసుకుని, ఆ లావు అంచులోంచి సూది పోనిస్తే కుట్టు కనపడదు. ఇస్త్రీ చేసేటప్పుడు పైన పల్చటి నూలు గుడ్డ వేయండి.

ఇక సొంత ప్యాచ్. గుండ్రంగా మూడు అంగుళాలుంటే చాలు. సైజు, ఎంబ్రాయిడరీ ఎంత భాగం నిండింది, ఎన్ని చేయిస్తున్నారు అన్నదాన్ని బట్టి ధర ఉంటుంది. తక్కువ చేయిస్తే ఒక్కోదానికి ఎక్కువ పడుతుంది. అక్షరాలు మరీ చిన్నవి పెట్టొద్దు, దారంలో అలుక్కుపోతాయి. ట్రూప్ నంబరు, ఊరు, సంవత్సరం సరిపోతాయి. మూడాకుల ట్రెఫాయిల్ గుర్తు సంస్థ ట్రేడ్‌మార్క్, కౌన్సిల్‌ని అడగకుండా వాడొద్దు. ఆర్డర్ ఖాయం చేసే ముందు నమూనా బొమ్మ తెప్పించుకుని స్పెల్లింగ్ ఇద్దరు చూడండి. క్యాంపుకి వారం ముందు మొదలుపెడితే అందదు, ఇప్పుడే మొదలుపెట్టండి.

మరో జవాబు (జార్జియా):
బొమ్మ మాత్రం పెద్దవాళ్లం గీయకూడదని నా గట్టి అభిప్రాయం. తలా ఒక కాగితం ఇచ్చి గీయించండి, ఓటు వేసుకుంటారు. మా ట్రూప్ సవానా వెళ్లినప్పుడు అలాగే చేశాం. 1912లో జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ ఈ సంస్థని మొదలుపెట్టిన ఊరు కదా, పిల్లలు ఆవిడ పుట్టిన ఇల్లు గీశారు. కిటికీలు వంకరగా వచ్చాయి, అలాగే కుట్టించాం. పిల్లలకి అదే ఇష్టం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఇంకొక్క సందేహం. ఒక పాప క్యాంపుకి రాలేకపోతోంది. ఆ అమ్మాయికీ ఇవ్వాలా?

టెక్సాస్ లీడర్:
మామూలుగా వచ్చినవాళ్లకే ఇస్తాం. లేకపోతే అది ఆ రోజు గుర్తు ఎలా అవుతుంది?

జార్జియా:
ఆ పాప ప్లానింగ్‌లో పాలుపంచుకుని, జ్వరం వచ్చో ఊరెళ్లో ఆగిపోతే ఇవ్వాలనే నేనంటాను. బొమ్మ గీయడం, వంటల లిస్టు రాయడం కూడా క్యాంపులో భాగమే. ఎలాగూ రెండు మూడు ఎక్కువే చేయిస్తారు, పోగొట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.