కొట్లాడుతాదా? కొట్టాడుతాదా?

హెడ్‌ఫోన్: ఈ ఏడాది సినిమాతో సంబంధం లేకుండా వచ్చిన కొత్త తెలుగు పాటల్లో మీకు నచ్చినవి చెప్పండి. రాత్రి బస్సు ప్రయాణానికి ప్లేలిస్టు కడుతున్నా. నా వంతుగా ఒకటి: ఒక కుర్ర బ్యాండు గిటారు, డప్పుతో నండూరి సుబ్బారావు గారి యెంకి పాట చేసింది. బాగుంది. కానీ పల్లవిలో పాడిన అమ్మాయి "గుండె గొంతుకలోన కొట్టాడుతాది" అంటోంది. నాకు గుర్తున్నది "కొట్లాడుతాది".

ఏలూరు కాలవ: కొట్లాడుతాదే. నండూరి వారు మా ఊళ్లో ప్లీడరీ చేశారు, మాకు తెలీదా?

తిరగలి: ఊరు ఒకటైతే కవి రాసిన అసలు మాట తెలిసిపోతుందా అండీ? కొట్లాటకి ఇద్దరు కావాలి. గొంతుకలో ఉన్నది ఒక్క గుండె, అది ఎవరితో కొట్లాడుతుంది? ఇది కొట్టుమిట్టాడడం. గాలానికి పడ్డ చేపలా అదరడం. 'ట్టా' అంటేనే ఆ అదురు వినపడుతుంది.

ఓరుగల్లు: మా దిక్కు కొట్లాటంటే పంచాయితీ దాకా పోయేదే. ప్రేమ పాటలో ఆ మాట ఎట్లా పడుతది? నేను 'ట్టా' వైపే.

ఏలూరు కాలవ: ఇద్దరున్నారుగా! బయటికొస్తానంటుంది మాట, రానివ్వనంటుంది సిగ్గు.

గురులఘువు: ఛందస్సు తేలుస్తుందని ఎవరూ సంబరపడకండి. ట్లా అయినా ట్టా అయినా ముందున్న 'కొ' గురువే, అంటే రెండు మాత్రల అక్షరమే. మాత్ర తరగదు, పెరగదు.

పాత రేడియో: శ్రీరంగం గోపాలరత్నం గారి గొంతులో యెంకి పాటలు విన్నవాళ్లకి ఈ సందేహమే రాదు.

తిరగలి: ఆవిడ ఏమని పాడారు మేష్టారూ?

పాత రేడియో: అది కాదు నాయనా, ఆ గమకం వినాలి. అయినా సినిమా లేని పాటని మీ తరమే కనిపెట్టినట్టు మాట్లాడతారేం? విజయవాడ రేడియోలో 'ఈ మాసపు పాట' అని వచ్చేది. రజని గారైతే, అదే బాలాంత్రపు రజనీకాంతరావు గారు, తనే రాసి, తనే వరస కట్టేవారు. దానికి మించిన ఇండిపెండెంట్ ఏముంటుంది?

హెడ్‌ఫోన్: నిజమే అండీ. ఈ ఏడాదివి ఏమైనా...

ఓరుగల్లు: చౌరస్తా బ్యాండు వాళ్ల 'ఊరెళ్లిపోత మామ' విన్నావా అన్నా?

హెడ్‌ఫోన్: అది వచ్చి ఏళ్లయింది బ్రో.

గురులఘువు: మద్రాసు ట్రాములో పుట్టిన పల్లవి అంటారు. ట్రాము కుదుపుకి ట్లా కాస్తా ట్టా అయిందేమో!

తిరగలి: అసలు చిక్కు రెండో పాదంలో ఉంది. "కూకుండనీదురా" అన్నప్పుడు కూర్చోనివ్వనిది గుండెనా, యెంకినా? యెంకి అయితే మొదటి పాదంలో కొట్లాడేది కూడా ఆవిడే ఎందుకు కాకూడదు?

ఏలూరు కాలవ: అది మరీ లాగుడు.

సెలయేరు: ఎంతసేపూ యెంకేనా? నండూరి వారిని మొదట్నుంచీ వెన్నుతట్టిన బసవరాజు అప్పారావు గారిని ఏ బ్యాండూ ముట్టుకోదేం? నలభై నిండకుండా 1933లో వెళ్లిపోయారు. ఆయన "నల్లవాడే, గొల్లపిల్లవాడే" డప్పు మీద ఎలా పలుకుతుందో ఊహించండి. నా దృష్టిలో పాటకి పుట్టిన కవి ఆయనే.

పాత రేడియో: అది డప్పుకి లొంగదమ్మా. వేణువు చాలు.

సెలయేరు: మీరు ఇప్పటి పిల్లల డప్పు విన్నట్టు లేదు బాబాయిగారూ.

గురులఘువు: అందరూ 'ట్ల' దగ్గరే ఆగిపోయారు. రెండో పాదం చివర "కూసింతసేపు"లో 'పు' హ్రస్వమా, దీర్ఘమా?