మైకుసెట్టు ప్లేట్లకి ఏ కార్ట్రిడ్జ్ కొనమంటారు?

అంబాజీపేట కుర్రోడు:
నమస్కారమండి. మా తాతయ్యకి అంబాజీపేటలో మైకుసెట్టు ఉండేది. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ తిప్పిన గ్రామఫోన్ ప్లేట్లన్నీ అటక మీద రెండు చెక్కపెట్టెల్లో దొరికాయి. ఎక్కువ ఈపీలే (చిన్న ప్లేట్లు), కొన్ని ఎల్‌పీలు (పెద్దవి), అడుగున పౌరాణిక పద్యాల 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత ప్లేట్లు). వాటి కోసమే ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ ప్లేయర్ కొన్నాను. దాంతో వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లు ఊగడాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) వచ్చింది.

చిక్కేంటంటే, పల్లవి బాగానే వినబడుతుంది. గొంతు పైకెళ్ళేసరికి బరబరమంటుంది, "స", "శ" వచ్చిన చోటల్లా చెవిలో గుచ్చినట్టే. ఈమధ్య కొన్న కొత్త ఎల్‌పీ మాత్రం శుభ్రంగా పాడుతోంది. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండు ఆర్టోఫాన్ 2ఎం రెడ్ కార్ట్రిడ్జ్ వేసెయ్యమంటున్నాడు. యూట్యూబులో చూస్తే మూవింగ్ కాయిల్ (లోపల తీగచుట్ట కదిలే రకం) తప్ప తక్కినవన్నీ దండగంటున్నారు. పదిహేను వేల దాకా పెట్టగలను. ఏది కొననండి?

రాజమండ్రి రవ్వ ముల్లు:
డెనాన్ డీఎల్-103 తీసుకోండి, మరో ఆలోచనొద్దు. జపాన్ రేడియో ఎన్‌హెచ్‌కే కోసం 1962లో తయారుచేసిన మూవింగ్ కాయిల్ అది, ఇప్పటికీ అమ్ముతున్నారు. పాత పాటలో గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టుంటుంది. నా ఇంట్లో వేరేది ఎక్కించను.

పాలకొల్లు రేడియో మెకానిక్:
రాజమండ్రి వారి మాట కాదనను, 103 మంచి సరుకే. కానీ ఈ అబ్బాయికి పనికిరాదండి. అది ఇచ్చేది 0.3 మిల్లీవోల్టు. ఎల్‌పీ120లో ఉన్న ప్రీయాంప్ (కార్ట్రిడ్జ్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచేది) మూవింగ్ మాగ్నెట్‌కి, అంటే అయస్కాంతం కదిలే రకానికి చేసింది. వీఎం95ఈ 4 మిల్లీవోల్టులిస్తుంది కాబట్టి దానికి సరిపోతోంది. 103 పెడితే ఇంకో ప్రీయాంపో ట్రాన్స్‌ఫార్మరో కొనాలి, బడ్జెట్టు అక్కడే హరీ. పైగా ముల్లు అరిగితే చేత్తో మార్చుకునేది కాదు, మొత్తం కార్ట్రిడ్జ్ ఊడదీసి పంపించాలి. ఇల్లు తుడిచే గుడ్డ ఒకసారి తగిలిందంటే చాలు.

ఇక 2ఎం రెడ్. అది 5.5 మిల్లీవోల్టులు ఇస్తుంది గనక మోత కొంచెం ఎక్కువ, మోత ఎక్కువైతే మనకి బాగున్నట్టే అనిపిస్తుంది. ముల్లు చూస్తే దానికీ నీ వీఎం95ఈకీ ఎలిప్టికలే, అంటే కోలగా చెక్కిన మొన. ఈ రోగానికి దాన్నీ దీన్నీ మార్చుకుని లాభం లేదు బాబూ.

అసలు కార్ట్రిడ్జ్ పేరు తర్వాత, ముందు ఆ ప్లేట్ల మీద ఏం తిరిగిందో చూడు. మైకుసెట్ల వాళ్ళం అప్పట్లో వాడిందంతా సిరామిక్ కార్ట్రిడ్జే (పింగాణీలాంటి ముక్కతో పనిచేసే పాత రకం). ఒక పక్క 78కి, తిప్పితే రెండో పక్క ఎల్‌పీకి. ముల్లు ప్లేటు మీద ఆనే బరువు ఐదారు గ్రాములుండేది, పందిట్లో ప్లేటు ఎగరకుండా ఇంకా బరువు పెట్టేవాళ్ళూ ఉన్నారు. నీ వీఎం95ఈ ఆనేది 2 గ్రాములే. నీలం రవ్వ ముల్లు అరిగి చదునైపోయినా, పాట వినబడుతోంది కదా అని మార్చేవాళ్ళు కాదు. చదునైన ముల్లు గాడి గోడని చెక్కేస్తుంది, ముందు పోయేది గొంతు పైకెళ్ళే చోట్లే. కొత్త ఎల్‌పీ శుభ్రంగా పాడుతోందన్నావంటే నీ కార్ట్రిడ్జ్ బాగానే ఉంది, దెబ్బ తిన్నది ప్లేటు.

కాలవ గట్టు ఒక మట్టం దగ్గర కోసుకుపోయినా దానికి పైనా కిందా మట్టి గట్టిగానే ఉన్నట్టు, గాడి గోడలో కూడా పాత గుండ్రటి ముల్లు తగలని భాగం కొంత మిగులుతుంది. మైక్రోలీనియర్ ముల్లు గోడని సన్నటి నిలువు గీతలా పొడవునా పట్టుకుంటుంది గనక, ఆ అరగని చోట కూడా ఆనుతుంది. నీ కార్ట్రిడ్జ్‌లో ముల్లు మాత్రం లాగి తీసి వీఎం95ఎంఎల్ ముల్లు తోస్తే చాలు, స్క్రూ ముట్టుకోనక్కర్లేదు. ఖరీదు వీఎం95ఈ మొత్తం కంటే ఎక్కువే, అయినా కంపెనీ లెక్కన ఎలిప్టికల్ 300 గంటలు, మైక్రోలీనియర్ 1000 గంటలు. ఒకటే షరతు: గోడ పూర్తిగా చెక్కుకుపోయిన ప్లేటుకి ఏ ముల్లూ మందు కాదు.

అంబాజీపేట కుర్రోడు:
బాబాయ్ గారూ, తాతయ్య ప్లేయర్ కూడా పెట్టెలో ఉంది. మీరన్నట్టే తిప్పే మీట ఉన్న సిరామిక్! మరి 78లు కూడా ఇదే ముల్లుతో వినొచ్చా? ఒకటి వేసి చూశాను, అంతా గరగర.

పాలకొల్లు రేడియో మెకానిక్:
వెంటనే ఆపెయ్ నాయనా. ఎలిప్టికల్ ముల్లు మొన గుండ్రం వెడల్పు పక్కన చూసినా 18 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), 78 గాడికి కావాల్సింది 75 దగ్గర. సన్న ముల్లు గాడి అడుగున కూర్చుని చెత్తంతా వినిపిస్తుంది, ముల్లూ పాడవుతుంది. 78కి వీఎం95ఎస్‌పీ ముల్లు వస్తుంది, అదీ నీ కార్ట్రిడ్జ్‌లోనే పడుతుంది. బరువు మాత్రం 5 గ్రాముల దగ్గర పెట్టాలి. ప్రతిసారీ బరువు మార్చుకునే బాధ లేకుండా రెండో హెడ్‌షెల్‌లో (ఆర్మ్ చివర ఊడదీసే తొడుగు) ఇంకో కార్ట్రిడ్జ్ బిగించుకునేవాళ్ళున్నారు, అయినా బరువు తూచక తప్పదు. ముందు ఎంఎల్ కొను, 78ల సంగతి తర్వాత.

భీమవరం టీచరమ్మ:
డబ్బు పెట్టకముందు రెండు పనులు చెయ్యి బాబూ. పాత ఈపీల్లో చాలావరకు మోనోయే (రెండు స్పీకర్లకీ ఒకే శబ్దం), 78లన్నీ మోనోయే. నీ యాంప్లిఫయర్‌లో మోనో స్విచ్ ఉంటే నొక్కు. రెండు చానళ్ళూ కలిస్తే, ముల్లు పైకీ కిందకీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది, చిటపట సగానికి పడిపోతుంది. పైసా ఖర్చు లేదు.

రెండోది, ప్లేట్లు కడిగావా? మన గాలికి అటక మీద కాగితం కవర్లకి బూజు పట్టకుండా ఉండదు. వినైల్ (ఈపీలు, ఎల్‌పీలు) అయితే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క డిష్‌వాష్ లిక్విడ్ వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తోమి కడిగెయ్. 78లకి మాత్రం స్పిరిట్ ముట్టించకు, లక్కతో చేసినవి కదా, కరిగిపోతాయి. కడిగాక ఆ పాత కవర్లలోనే మళ్ళీ పెట్టావంటే మొదటికొస్తుంది.

అంబాజీపేట కుర్రోడు:
మోనో స్విచ్ నొక్కానండీ టీచరమ్మ గారూ, నిజంగా చిటపట తగ్గింది! "స" దగ్గర బరబర మాత్రం అలాగే ఉంది. బాబాయ్ గారూ, ఎంఎల్ కొన్నాక కూడా తగ్గకపోతే డబ్బు పోయినట్టేనా?

పాలకొల్లు రేడియో మెకానిక్:
అందుకే కొనకముందే తేల్చుకోవాలి. నా దగ్గర ఎంఎల్ ముల్లు ఉంది. బాగా బరబరమనే ప్లేట్లు రెండూ, ఓ మాదిరివి రెండూ పట్టుకుని చించినాడ వంతెన దాటి వచ్చెయ్. అదే ప్లేటు, అదే చరణం, ముల్లు మాత్రం మార్చి విందాం. ఓ మాదిరివి తేరుకుంటే కొను. అవీ తేరుకోకపోతే ఆ డబ్బుతో ఎస్‌పీ ముల్లు కొని పద్యాలు విను. తాతగారి 78లు సిరామిక్ కింద ఈపీలంత నలిగి ఉండవని నా అనుమానం, పెళ్ళి పందిట్లో పద్యాలు ఎవరడుగుతారు!

ఒక మాట. బరువుకి ఆర్మ్ వెనకున్న అంకె నమ్మకు. చిన్న డిజిటల్ కాటా తెచ్చుకో, పళ్ళెం ఇనుపదైతే కార్ట్రిడ్జ్‌లో అయస్కాంతం దాన్ని లాగి తప్పు తూకం చూపిస్తుంది. ప్లాస్టిక్ పళ్ళెం చూసి కొను.