లెన్స్ మార్చలేని లక్షన్నర కెమెరా రోజువారీ ఫొటోలకు అవసరమా?

వనస్థలిపురం వాసి:

మిత్రులకు నమస్కారం. నా దగ్గర తొమ్మిదేళ్ల నాటి డీఎస్‌ఎల్‌ఆర్, దానితో పాటు వచ్చిన 18-55 జూమ్ లెన్స్ ఉన్నాయి. పాప పుట్టిన కొత్తలో కొన్నాను. మొదటి రెండేళ్లు చేతిలోంచి దించలేదు. ఆ తర్వాత అది బీరువాలో సిలికా జెల్ పొట్లాల మధ్య పడుకుని, దసరాకు ఒకసారి, పుట్టినరోజుకు ఒకసారి బయటికి వస్తోంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగే ఉద్యోగిని. ఆ బరువును రోజూ మోయలేను.

ఇప్పుడు ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 వరుసలో 2024లో వచ్చిన ఆరో కెమెరా మీద మనసు పడింది. 35 ఎంఎంకు సమానమైన (ఈ అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది) ఒకే ఒక్క లెన్స్, జూమ్ లేదు, లెన్స్ మార్చే వీలు లేదు, ధర లక్షన్నర పైమాటే. "జూమ్ కూడా లేనిదానికి అంత డబ్బెందుకు?" అని మా ఆవిడ అడిగితే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. కొని వాడుతున్నవారు, కొని అమ్మేసినవారు, అసలు కొనవద్దనేవారు కూడా దయచేసి కారణాలతో చెప్పండి.

మేడమీద వడియాలు:

మీరు చెప్పిన కెమెరానే ఏడాదిన్నరగా వాడుతున్నాను కనుక నేను దాని పక్షమే మాట్లాడతానని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే మీ ఆవిడగారి ప్రశ్నకు "బొమ్మ నాణ్యత" అని జవాబు చెప్పకండి, అది నిలబడదు. నేను చూసిన ఒక ఉదయం గురించి చెబుతాను.

మొన్న ఎండాకాలం రాజమండ్రిలో మా అత్తగారు మేడ మీద పాత పంచె పరచి మినప వడియాలు పెడుతున్నారు. పది దాటింది, ఎండ అప్పటికే కళ్లు తెరవనివ్వడం లేదు. ఆవిడ వేళ్ల చివర పిండి, బొటనవేలితో తోస్తే పంచె మీద పడే చిన్న ముద్ద, అవి తప్ప వెనకున్న నీళ్ల ట్యాంకు, డిష్, కేబుల్ తీగలు ఏవీ స్పష్టంగా కనబడకూడదని నా కోరిక. అందుకు లెన్స్‌లో వెలుతురు దూరే ద్వారాన్ని, అంటే అపర్చర్‌ను, పూర్తిగా ఎఫ్/2 దాకా తెరవాలి (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ద్వారం పెద్దది). నిండు ఎండలో ఐఎస్ఓ (వెలుతురును పట్టే చురుకుదనం) 125 వద్ద ఎఫ్/16 పెడితే షట్టర్ సెకనులో 125వ వంతు సరిపోతుందన్నది ఫిల్మ్ కాలం నాటి లెక్క. దాని ప్రకారం ఎఫ్/2కు ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పెంచుకుంటూ వెళితే 8000వ వంతు కావాలి. ఈ కెమెరా లెన్స్‌లోనే ఉండే లీఫ్ షట్టర్ 4000వ వంతు దగ్గరే ఆగిపోతుంది, అంటే ఫొటో తెల్లబారుతుంది. కానీ ఇందులో నల్ల కళ్లద్దంలా వెలుతురును తగ్గించే నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ ముందే అమర్చి ఉంటుంది. దాన్ని ఆన్ చేయగానే కావలసిన వేగం 500వ వంతుకు దిగింది. వేరే కెమెరాతో అయితే సంచిలోంచి ఫిల్టర్ తీసి, లెన్స్ ముందు తిప్పి బిగించేసరికి పంచె నిండిపోయేది. ఆ షట్టర్ చప్పుడు చేతిలో పట్టుకున్న నాకే సరిగా వినబడదు. ఆవిడ తల ఎత్తలేదు, "ఫొటోలు చాలు, కాకిని తోలు" అని కూడా అనలేదు.

లెన్స్, షట్టర్, బొమ్మను పట్టే సెన్సర్ మూడింటినీ ఒకదానికోసం ఒకటిగా తయారు చేస్తే ఇటువంటి అమరిక సులువవుతుంది. లెన్స్ మార్చలేకపోవడాన్ని అందరూ లోపంగా చెబుతారు గానీ, దానికి ప్రతిగా దొరికినవి ఇవి.

రెండు బాడీల బరువు:

గుంటూరులో ఇరవై ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. వడియాల లెక్క బాగుంది, తప్పు పట్టను. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఇంకా ఎక్కువ వేగం వస్తుందనవచ్చు గానీ, కదిలే వేళ్లు అందులో వంకర పోయే అవకాశం ఉంది కనుక ఎన్‌డీ ఫిల్టరే మేలన్నది నిజం. కానీ ఈ ఒక్క లెన్స్ కెమెరాల చుట్టూ అల్లుకున్న ఒక మాట ఉంది: "నాలుగడుగులు ముందుకు వేస్తే అదే జూమ్" అని. ఇది శుద్ధ తప్పు, ఈ తప్పు మీదే లక్షన్నర ఖర్చు పెట్టిస్తున్నారు.

జూమ్ చేస్తే మనం నిలబడిన చోటు మారదు, మనిషికీ వెనకున్నదానికీ మధ్య నిష్పత్తి మారదు. దగ్గరికి నడిస్తే ఆ నిష్పత్తే మారిపోతుంది. 35 ఎంఎంతో పాప ముఖం ఫ్రేము నిండా రావాలని ఒక అడుగు దూరానికి వెళ్లండి. ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అదే పాపను రెండు మీటర్ల నుంచి 85 ఎంఎంతో తీస్తే అద్దంలో కనిపించే ముఖమే వస్తుంది. ఇక నడవడానికి చోటు లేని సందర్భాల సంగతేమిటి? జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో పురోహితుడిని పక్కకు తోసి మండపంలోకి వెళ్లలేం. ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి కృష్ణలో పోయే పడవను తీయాలంటే ఎన్ని అడుగులు వేస్తారు?

వాసిగారూ, మీకు కావలసింది చిన్న కెమెరా. అందుకు లెన్స్ మార్చగలిగే చిన్న మిర్రర్‌లెస్ బాడీ తీసుకుని, సన్నని పాన్‌కేక్ లెన్స్ బిగించుకుంటే రోజూ సంచిలో ఉంటుంది, పాప స్కూల్లో వార్షికోత్సవం నాడు దానికే పొడవాటి లెన్స్ తగిలించవచ్చు. వాడిన సరుకైతే సగం డబ్బుతో అవుతుంది. అది కూడా వద్దనుకుంటే మీ ఫోనే చాలు.

మేడమీద వడియాలు:

అన్నగారూ, "నడకే జూమ్" అని నేను అనలేదు, అయినా మీ వివరణ సరైనదే. క్రాప్, అంటే తీసిన ఫొటో అంచులు కత్తిరించే సంగతి మాత్రం మరిచారు. ఈ కెమెరా సెన్సర్ 40 మెగాపిక్సెళ్లది. 50 ఎంఎం చట్రానికి కత్తిరించినా 20 మిగులుతాయి, 70 ఎంఎంకు కత్తిరిస్తే 10 మిగులుతాయి. ఇంట్లో గోడకు తగిలించే ఫొటోకు పది చాలు. పైగా క్రాప్‌లో నిలబడిన చోటు మారదు కనుక మీరు చెప్పిన ముక్కు, చెవుల తంటా కూడా ఉండదు.

రెండు బాడీల బరువు:

ఎండలో చాలు, ఒప్పుకుంటాను. ఫంక్షన్ హాల్లో అలా కత్తిరిస్తే సెన్సర్‌లో నాలుగో వంతు మాత్రమే వాడినట్లు, దానికి తగ్గట్టే గరుకుదనం కనిపిస్తుంది.

ఎడిసన్ తెలుగు:

కొని అమ్మేసినవారిని కూడా పిలిచారు కనుక వచ్చాను. ఈ వరుసలో ఐదో కెమెరా 2020లో అమెరికాలో 1,399 డాలర్లకు వచ్చింది. రెండేళ్ల తర్వాత టిక్‌టాక్‌లో దాని రంగులకు, పాతకాలపు రూపానికి మోజు పుట్టి, కొత్తది దుకాణాల్లో దొరకక, వాడినది కొత్తదాని ధర కంటే ఎక్కువకు అమ్ముడుపోయింది. నేను కూడా ఆ వేలంవెర్రిలో పడ్డవాడినే. ఎనిమిది నెలలు మెడలో వేసుకు తిరిగాను. రైల్లో ముక్కూ మొహం తెలియని నలుగురు "బాగుంది" అన్నారు, ఫొటోలను మాత్రం ఎవరూ చూపించమనలేదు. కొన్న ధర కంటే కొంచెం ఎక్కువకే అమ్మాను, కాబట్టి నాకు డబ్బు నష్టం లేదు. చివర్లో కొన్నవాడికి ఉంటుంది.

ధర సంగతి ఆలోచించేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు తయారీదారుల నుంచి బయటికి వెళ్లాయి, వాటిలో అత్యధికం చవకైన చిన్న కెమెరాలే. ఫోన్లు ఆ మార్కెట్‌ను మింగేయడంతో 2023 నాటికి అన్ని రకాలూ కలిపినా కోటి దాటలేదు. పదివేల రూపాయల కెమెరాను చేసి బతకలేని కంపెనీలు తక్కువ మందికి ఎక్కువ ధరకు అమ్మే దారి పట్టాయి. ఇలాగే లెన్స్ ఊడని లైకా క్యూ కెమెరా ధర అయితే సామాన్యుడి ఊహకే అందదు. ఈ ధరలో కొంత భాగం గాజుకు, లోహానికి కాదు, అరుదుదనానికి.

జేబులో పట్టాలి:

ఇంతవరకూ జరిగిన వాదమంతా ఒకే కెమెరా చుట్టూ తిరిగింది, అది కూడా నా దృష్టిలో రోజువారీ కెమెరా కానిదాని చుట్టూ. 521 గ్రాముల బరువు, 55 మిల్లీమీటర్ల మందం ఉన్న పెట్టెను జేబులో ఎవరూ పెట్టుకోరు. మెడలోనో సంచిలోనో ఉండాలి. సంచిలో ఉన్న కెమెరా బీరువాలో ఉన్నదాని కంటే మేలే గానీ, సంచి విప్పేలోగా సగం ఫొటోలు జారిపోతాయి. రికో జీఆర్ 3 అలా కాదు. ఏపీఎస్-సీ అనే అదే కొలత పెద్ద సెన్సర్ పెట్టుకుని కూడా 257 గ్రాములే తూగుతుంది, మందం 33 మిల్లీమీటర్లు, లెన్స్ 28 ఎంఎంకు సమానం.

దానితో నేను పనిచేసే తీరు ఇది. అపర్చర్ ఎఫ్/8, ఫోకస్ రెండు మీటర్ల దగ్గర కట్టేస్తాను, దీన్నే స్నాప్ ఫోకస్ అంటారు. లెక్క వేసి చూస్తే దాదాపు ఒక మీటరు నుంచి ముప్పై మీటర్లు దాటేదాకా అంతా స్పష్టంగానే వస్తుంది. కెమెరా ఫోకస్ కోసం వెతుక్కోదు, నేను తెర చూడను. జేబులోంచి తీయడం, నొక్కడం, మళ్లీ జేబులో పెట్టడం, మొత్తం రెండు మూడు సెకన్ల పని. చార్మినార్ దగ్గర లాడ్ బజారులో గాజుల బేరం ఆడే చేతుల దగ్గర నుంచి మా వీధి చివర ఇడ్లీ బండి దాకా అలాగే తీశాను. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఎండలో వెనక తెర కనబడదు, బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది, ఇవన్నీ ఉన్నవే.

ఫోన్ చాలన్నవారికి ఒక మాట. మంచి ఫోన్‌లోని ప్రధాన లెన్స్‌లో వెలుతురు దూరే ద్వారం వ్యాసం 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. వడియాలగారి 23 ఎంఎం (35కు సమానమన్నది దీన్నే), ఎఫ్/2 లెన్స్‌లో అది పదకొండున్నర, అంటే ఎనిమిది రెట్ల వెలుతురు. ఫోన్ ఆ లోటును వరసగా పది ఫొటోలు తీసి కలిపి పూడ్చుకుంటుంది. గోడ మీది క్యాలెండర్‌కు అది బాగా పనిచేస్తుంది. ట్యూబులైటు కింద గంతులేసే పిల్లకు పనిచేయదు. చేతుల చుట్టూ మైనం పూసినట్లు వస్తుంది. ఈ లెక్కలో నా జీఆర్ ద్వారం ఆరున్నరే కనుక నేను మరీ గొప్పలు పోకూడదు.

దాచకుండా ఇంకొకటి చెప్పాలి. నాకు ఇంతకు ముందు ఉన్న వేరే చిన్న కెమెరాలో సెన్సర్ మీద దుమ్ము చేరింది. ఆకాశం ఉన్న ప్రతి ఫొటోలో ఒకే చోట ఆవగింజంత మచ్చ. లెన్స్ ఊడే కెమెరా అయితే గాలి బుడ్డితో రెండు ఊదులు ఊదితే పోయే పని. లెన్స్ ఊడదు కనుక మొత్తం విప్పాలన్నారు, ఆరు వారాలు ఉంచుకున్నారు, వాడిన కెమెరా ధరలో చెప్పుకోదగ్గ వంతు తీసుకున్నారు. అప్పటినుంచి ఏ కెమెరా అయినా గుడ్డ సంచీలో వేశాకే జేబులో పెడుతున్నాను.

రెండు బాడీల బరువు:

దుమ్ము మాట ఈయనే ఒప్పుకున్నాక నేను కలిపేదేమీ లేదు. వాసిగారికి ఒక పని చెబుతాను, డబ్బు ఖర్చు లేనిది. మీ డీఎస్‌ఎల్‌ఆర్‌తో తీసిన ప్రతి ఫైలులోనూ ఏ ఫోకల్ లెంగ్త్ వద్ద, అంటే జూమ్‌ను ఎన్ని ఎంఎం దగ్గర పెట్టి, తీశారో నమోదై ఉంటుంది. కంప్యూటర్‌లో వాటిని ఆ వరుసలో పేర్చి చూడండి. మీ కెమెరాలో ఆ అంకెను ఒకటిన్నరతో హెచ్చించాలి కనుక, 23 దగ్గర ఎక్కువ ఉంటే మీది 35 ఎంఎం కన్ను, నేను నోరు మూసుకుంటాను.

వనస్థలిపురం వాసి:

ఆదివారమంతా అదే పని చేశాను. ఫలితం మీలో ఎవరికీ పూర్తిగా నచ్చదేమో.

23 దగ్గర తీసినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గుట్టలుగా ఉన్నవి రెండు చివర్లలో, అంటే 18 వద్ద, 55 వద్ద. మధ్యలో ఏముందో నాకు ఇన్నేళ్లలో అవసరమే పడలేదన్నమాట. జూమ్ రింగును ఇటు చివరికో అటు చివరికో తిప్పడం తప్ప వేరే పని చేయలేదు. 55వి తెరిచి చూస్తే దాదాపు అన్నీ స్కూలు వేదిక మీది నాట్యాలే, వాటిలో సగం అప్పుడు కూడా దూరం చాలక పాప అగ్గిపుల్లంత ఉంది. ఆ ఫొటోలు ఈ రెండు కెమెరాల్లో ఏదీ తీయదు, అన్నగారు చెప్పిన పొడవాటి లెన్సే తీయాలి. 18వి అన్నీ ఇంట్లోవి. మా వంటింట్లో వెనక్కి జరిగితే ఫ్రిజ్ తగులుతుంది, పడకగదిలో బీరువా తగులుతుంది, అందుకే ఎప్పుడూ వెడల్పు చివరే. ఒకటిన్నరతో హెచ్చిస్తే 27, అంటే జేబుగారి 28 ఎంఎం. లక్షన్నర పెట్టి 35 కొని ఉంటే మా వంటింట్లో గోడకు వీపు ఆనించి నిలబడేవాడిని.

మా ఆవిడ వెనక నుంచి తెర చూస్తూ ఒక ప్రశ్న వేసింది: "ఇన్నింటిలో మీరు ఎక్కడ?" లేను. నేను పాపతో ఉన్నవన్నీ ఆవిడ ఫోన్‌తో తీసినవే. ఆ పెద్ద కెమెరాను చేతిలోకి తీసుకోమంటే ఎప్పుడూ ఒప్పుకోలేదు, మీటలు చూసి భయమంది. చిన్నది తెస్తే తీస్తావా అంటే, "జేబులోంచి తీసి నొక్కడమే అయితే తీస్తాను" అంది. కాబట్టి నిర్ణయం ఇంకా కాలేదు గానీ, ప్రశ్న మారింది. ఈ శనివారం ఇద్దరం కోఠి వెళ్లి రెండింటినీ చేత్తో పట్టుకుని చూస్తాం.

జేబులో పట్టాలి:

దుకాణంలో ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడి చూస్తే సరిపోదు, కూర్చుని చూడండి. నిలబడినప్పుడు పట్టినది కూర్చుంటే తొడకు గుచ్చుకుంటుంది. అమ్మగారి హ్యాండ్‌బ్యాగులో పెట్టి కూడా చూడండి. అందులో తాళాలు ఉంటే మాత్రం గుడ్డ సంచీ తప్పనిసరి.