పూజ చివర ‘వెళ్ళండి’ అనాలా, ‘వెళ్ళిరండి’ అనాలా?

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా తెలుగు క్యాథలిక్ కుటుంబాలన్నీ కలిసి నెలకోసారి తెలుగు పూజ, అంటే మాస్, పెట్టించుకుంటాం. మొన్న పూజ చివర గురువులు చేతులు జోడించి “శాంతితో వెళ్ళిరండి” అన్నారు. బయట కాఫీ తాగుతుంటే ఒక అన్నయ్య పట్టుకున్నారు: “లాటిన్‌లో ‘ఈతే, మిస్సా ఎస్త్’. వెళ్ళండి, సెలవు అయింది అని. ‘రండి’ అందులో ఎక్కడుంది?”

మాట నిజమే. ‘మిస్సా’ అంటే మొదట్లో ఉత్త సెలవే. పంపడం అనే అర్థమున్న ధాతువు అది. ‘మిషన్’ కూడా అందులోంచే వచ్చింది. ఈ సెలవు మాటలోనే లోకంలోకి పంపడం ఉందని 16వ బెనెడిక్ట్ పోపుగారు 2007లో రాశారు. మరుసటి ఏడు “వెళ్ళి ప్రభువు సువార్తను ప్రకటించండి” అనే సెలవు మాటను కూడా పూజాగ్రంథంలో చేర్చారు.

ఆ ‘మిస్సా’ నుంచే ఇంగ్లీషులో ‘మాస్’ అన్నారు, మనం ‘పూజ’ అన్నాం. అందులో భక్తి ఉంది, పంపడం వినపడదు. మా అమ్మమ్మ అయితే “పూజ చూసొచ్చాను” అనేది. లాటిన్ పూజ రోజుల మనిషి, చూడటమే ఆమె వంతు. 1963 డిసెంబరు 4న రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ క్యాథలిక్ బిషప్పుల సభ) దైవార్చన పత్రం వచ్చాకే మన భాషకు దారి దొరికింది. అందుకే ఈ ఒక్క క్రియాపదం గురించి ఇంత పట్టుదల నాకు.

జవాబు, చెన్నై నుంచి: ఇంట్లోంచి కదిలేవాళ్ళు “వెళ్తాను” అంటే పెద్దవాళ్ళు ఊరుకుంటారా? “వెళ్ళొస్తాను అనమ్మా” అంటారు. ఇక్కడ తమిళంవాళ్ళదీ అదే తీరు, “పోయిట్టు వరేన్” అంటారు. పూజలో వాడుకోవడానికి 1969లో రోము మన దేశానికి ఒప్పుకున్న 12 భారతీయ పద్ధతుల్లో అంజలి, అంటే చేతులు జోడించడం, ఉంది. చేతులు మనవైనప్పుడు మాట మనది కాకూడదా?

ఇంకో జవాబు: మర్యాద సరే. కానీ ‘రండి’ అనగానే వచ్చే ఆదివారమే గుర్తొస్తుంది. మధ్యలో ఆరు రోజులు ఎవరి దగ్గరికి వెళ్ళాలో మరుగున పడుతుంది. నా ఓటు ‘వెళ్ళండి’కే.

మళ్ళీ నేను: ఆ భయం నాకూ ఉంది. కానీ నేను చెప్పిన ఆ 1963 దైవార్చన పత్రం 10వ పేరా చూడండి. శ్రీసభ (క్యాథలిక్ సంఘం) పనులన్నీ చేరే శిఖరం దైవార్చనే, శక్తి ఊరే ఊటా అదే అంటుంది. వెళ్ళడం, రావడం రెండూ అందులో ఉన్నాయి.

మా పూజకు గుంటూరు వైపు అక్క ఒకావిడ వస్తుంది, అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంది. ఒకసారి పూజ అవ్వగానే సంచిలో నాలుగు బత్తాయిలు వేసుకుని, తనతో పనిచేసే ఆమె ఆసుపత్రిలో ఉంటే చూడటానికి బస్సెక్కింది. మరుసటి నెల పూజలో అందరి అవసరాల కోసం చేసే విశ్వాసుల ప్రార్థనప్పుడు అక్క లేచి ఆమె పేరు చెప్పింది. ఆ పేరుగల మనిషి పక్కనే కూర్చుని ఉంది, చేతికి ఇంకా ప్లాస్టరుతో.