శతావరి గ్రాన్యూల్స్ వానాకాలంలో రాయిలా అవుతున్నాయి: బాలింతలపై ట్రయల్‌కు ముందు ఏం సరిచేయాలి?

తీరం_యూనిట్:
విశాఖ దగ్గర చిన్న ఆయుర్వేద తయారీ యూనిట్ అండి. పాలు చాలని బాలింతలకు శతావరి (పిల్లిపీచర) గ్రాన్యూల్స్ ఇచ్చి చూడాలని ఒక మెడికల్ కాలేజీ గైనిక్ విభాగం అనుకుంటోంది, సరుకు మేం చేసివ్వాలి. ఎండు వేళ్ల ముక్కలకు 8 రెట్లు నీళ్లు పోసి కషాయం కాస్తున్నాం. దాన్ని వాక్యూమ్‌లో చిక్కబరిచి, ఆ పాకాన్నే పంచదార పొడిలో కలిపి ముద్ద చేసి, 16 మెష్ జల్లెడ (అంగుళానికి 16 కళ్లున్నది) మీద రుద్ది, ట్రే డ్రయ్యర్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెడుతున్నాం.

చిక్కబరిచేటప్పుడు నురుగు పొంగి వాక్యూమ్ లైన్లోకి పోతోంది. పెట్ డబ్బాల్లో నెల తిరక్కముందే గడ్డ కడుతోంది. చేదు ఒక బ్యాచ్‌లో ఉన్నట్టు ఇంకో బ్యాచ్‌లో ఉండట్లేదు. కాలేజీవాళ్లు ప్లాసిబో (చూడ్డానికి అలాగే ఉండే, మందు లేని సరుకు) కూడా అడిగారు, ఫలితం ప్రొలాక్టిన్‌తో (పాలు పుట్టించే హార్మోన్) కొలుస్తారట. ముందు దేని సంగతి చూడాలి?

ఆవిరి_గొట్టం:
నురుగు సపోనిన్ల (వేరులో ఉండే, సబ్బులా నురగనిచ్చే పదార్థాలు) వల్ల వస్తుంది, మానదు. పాత్ర సగానికి మించి నింపకండి. వాక్యూమ్ ఒక్కసారిగా లాగితే పొంగు ఖాయం, మరుగు మొదలయ్యేదాకా మెల్లగా పెంచుతూ 55–60 డిగ్రీల దగ్గర నిలపండి. పాత్రకీ పంపుకీ మధ్య ఒక క్యాచ్ పాట్ (పొంగినదాన్ని పట్టే పాత్ర) బిగిస్తే పొంగినా పంపు బతుకుతుంది, సరుకూ వెనక్కి వస్తుంది. యాంటీఫోమ్ (నురుగు అణిచే మందు) జోలికి పోవద్దు. వేస్తే ఫార్ములాలో చూపాలి, ప్లాసిబోలోనూ కలపాలి, అదో తలనొప్పి.

గడ్డకట్టడం అసలు డ్రయ్యర్ దగ్గరే మొదలవుతోంది. శతావరి వేరులో ఫ్రక్టాన్లు (చక్కెర గొలుసులు), చక్కెరలు ఎక్కువ, గాల్లో తేమను లాగేస్తాయి. పాకాన్ని నేరుగా పంచదారలో కలిపితే ప్రతి పలుకు చుట్టూ జిగురు పొర మిగులుతుంది. ట్రేలో 60 డిగ్రీలకు పైపొర గట్టిపడి లోపలి తడి అక్కడే ఉండిపోతుంది. డబ్బాలోకి వెళ్లాక ఆ తడి మెల్లగా బయటికొచ్చి పంచదారను కరిగిస్తుంది, చల్లబడ్డప్పుడు అది మళ్లీ స్ఫటికమై పలుకుకీ పలుకుకీ వంతెన వేస్తుంది. మీ డబ్బా పగలగొట్టి చూడండి, గడ్డ లోపల మెరిసే సన్నటి గీతలు కనబడితే ఇదే.

పాకాన్ని విడిగా స్ప్రే డ్రై (వేడిగాలిలోకి తుంపరగా చిమ్మి పొడి చేయడం) చేయించండి. పాకంలోని ఘనపదార్థం 100 పాళ్లకు మాల్టోడెక్స్ట్రిన్ (పిండిపదార్థం నుంచి తీసే పొడి) 20 పాళ్లతో మొదలుపెట్టండి, లోపలికి వెళ్లే గాలి 160–170 డిగ్రీలు, బయటికొచ్చేది 85–90. గోడలకు అంటుకుంటుంటే మాల్టోడెక్స్ట్రిన్ పెంచాలి, వేడి కాదు. ఆ పొడిని పంచదారతో పొడిగానే కలిపి, చాలా కొద్ది తడితో గ్రాన్యూల్ చేసి, ఎఫ్‌బీడీలో (వేడిగాలిలో పలుకులను తేలుస్తూ ఆరబెట్టే ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్) 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. వెచ్చగా ఉండగా మూత పెడితే లోపల చెమట పడుతుంది. ప్యాకింగ్ గదిలో తేమ 45 శాతం లోపు ఉండాలి, విశాఖలో డీహ్యూమిడిఫయర్ లేకుండా అది కుదరని పని. పెట్ కంటే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ తేమను బాగా ఆపుతుంది. ట్రయల్‌కైతే డబ్బా మానేసి ఫాయిల్ సాచెట్ చేయండి, చెంచా కొలత గొడవ కూడా పోతుంది.

తేమ కొలిచేటప్పుడు 105 డిగ్రీల ఓవెన్ రీడింగ్ నమ్మకండి, ఆ వేడికి చక్కెరలు విరిగి లేని తేమను చూపిస్తాయి. కార్ల్ ఫిషర్ (నీటిని మాత్రమే కొలిచే రసాయన పరీక్ష) చేయించండి.

వేరు_పరీక్ష:
పై సలహాలన్నీ సరే. కానీ బ్యాచ్‌ల మధ్య చేదు మారుతోందంటే లోపల మందే మారుతోంది. ఆ సరుకుతో ట్రయల్ చేసి లాభం లేదు.

ముందు వేరు చూడండి. నాటిన 18–24 నెలలకు తవ్వినదా, ఏడాదికే పీకేసిందా? తొక్క తీశారా? మధ్యలో ఉండే నార లాగేశారా? అది బరువుకే తప్ప మందుకు పనికిరాదు. ఆస్పరాగస్ జాతిలోనే వేరే మొక్కల వేళ్లు కూడా ఇదే పేరుతో మార్కెట్‌కు వస్తాయి, ఎండాక కంటితో తేడా పట్టడం కష్టం.

పరీక్ష హెచ్‌పీటీఎల్‌సీ (పదార్థాలను ప్లేటు మీద మచ్చలుగా విడదీసే పద్ధతి) చేయించండి: ఇథైల్ ఎసిటేట్, మిథనాల్, నీళ్లు 7.5 : 1.5 : 1, ప్లేటుపై అనిసాల్డిహైడ్–సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడిచేసి, శతావరిన్–4 (శతావరిలోని ముఖ్య సపోనిన్) స్టాండర్డ్ మచ్చతో పోల్చాలి. మామూలు యూవీ డిటెక్టర్‌తో హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని గొట్టంలోంచి పంపి పదార్థాలు విడదీసే పద్ధతి) చేస్తామనే ల్యాబ్‌ని ఏ తరంగదైర్ఘ్యం దగ్గరో అడగండి. ఈ సపోనిన్లకు యూవీని పీల్చే భాగం లేదు, 254 నానోమీటర్ల దగ్గర కనబడే పీకులు వేరే పదార్థాలవి. బ్యూటనాల్‌లోకి లాగి తూచే 'మొత్తం సపోనిన్' అంకె మీద కూడా నాకు నమ్మకం తక్కువ, అందులో ఏదైనా కలిసిపోవచ్చు.

సాచెట్‌కు ఇన్ని మిల్లీగ్రాముల శతావరిన్ అని ముందే ఖరారు చేసుకుని, బలమైన పొడినీ బలహీనమైన పొడినీ కలిపి ఆ అంకెకు తీసుకురండి. నేలలోంచి వచ్చే వేరు కాబట్టి మట్టి, లోహాలు, సూక్ష్మజీవులు మరవద్దు. సీసం 10, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 పీపీఎం (పది లక్షల్లో పాళ్లు) దాటకూడదు. తాగేది పాలిచ్చే తల్లి, ఆ అంచు దగ్గర ఆడే బ్యాచ్‌ని నేనైతే వెనక్కి పంపిస్తాను.

ప్రసూతి_వార్డు:
ప్రొలాక్టిన్‌ని ముఖ్య ఫలితంగా పెట్టుకోవద్దని కాలేజీవాళ్లకు చెప్పండి. బిడ్డ చప్పరించగానే అది ఎగబాకుతుంది, కాసేపటికి దిగుతుంది. పైగా కాన్పు తర్వాత వారాలు గడిచేకొద్దీ పాలు తగ్గకపోయినా బేస్‌లైన్ ప్రొలాక్టిన్ (బిడ్డ చప్పరించక ముందు ఉండేది) తగ్గుతూ వస్తుంది. పాలు నిలదొక్కుకున్నాక ఎంత ఉత్పత్తి కావాలో రొమ్ము ఎంత ఖాళీ అయిందన్నదే నిర్ణయిస్తుంది. శతావరి మీద 1996లో ఇండియన్ పీడియాట్రిక్స్‌లో వచ్చిన ట్రయల్‌లో తేడా కనబడలేదు, 2011 నాటి మరో ట్రయల్ ప్రొలాక్టిన్ బాగా పెరిగిందంది. ఇంకో ప్రొలాక్టిన్ అంకెతో ఆ తగువు తేలదు.

పాలనే కొలవండి. 2 గ్రాముల తేడా చూపే తూకంతో బిడ్డను పాలకు ముందూ తర్వాతా అవే బట్టల్లో తూచాలి. మధ్యలో తడిసినా మార్చకూడదు, మారిస్తే లెక్క పోతుంది. 24 గంటల మొత్తం తీసుకోండి, గ్రాము సుమారుగా ఒక మిల్లీలీటరు. పోతపాలు ఎన్ని మి.లీ. పట్టారో కూడా రాయించండి.

చేర్చుకునేముందు బిడ్డ రొమ్ము పట్టు సరిగా ఉందా, బిడ్డ నాలుక కింద బంధం ఉందా, మాయ ముక్క మిగిలిందా, థైరాయిడ్, కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా చూడాలి. వీటికి గ్రాన్యూల్స్ మందు కాదు. పాలిచ్చే తీరు మీద కౌన్సెలింగ్ రెండు గుంపులకూ సమానంగా ఇవ్వాలి. డోంపెరిడోన్ (పాలు పెరగడానికి కొందరు రాసే మాత్ర) ఎవరైనా రాశారేమో అడగండి. ఇంట్లో పెట్టే వెల్లుల్లి కారం, మెంతులు, మీ తీరంలో సొర పిట్టు, అన్నీ డైరీలో పడాలి. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు ఈ పంచదార సంగతేమిటో ఎథిక్స్ కమిటీ తప్పకుండా అడుగుతుంది.

ప్లాసిబోలో చిక్కు మళ్లీ నురుగే. గోరువెచ్చని నీళ్లలో గిలక్కొడితే అసలుది నురగలు కక్కుతుంది, క్యారమెల్ రంగు వేసిన పంచదార కక్కదు. నురుగు కోసం ఇంకో సపోనిన్ కలిపితే అది ప్లాసిబో కాదు. వేడిపాలలో చెంచాతో తిప్పి తాగమనండి, ఏలకుల పొడి రెండింటిలో ఒకే మోతాదులో వేయండి. ట్రయల్‌తో సంబంధం లేనివాళ్ల ముందు మూడు కప్పులు పెట్టి, రెండు ఒకటే, వేరేది ఏదో చెప్పమనండి. మూడింట ఒక వంతు కంటే చాలా ఎక్కువమంది పట్టేస్తే ప్లాసిబో మళ్లీ చేయాలి.

తీరం_యూనిట్:
ధన్యవాదాలండి. సాచెట్ సిద్ధమయ్యేలోపు పాత డబ్బా సరుకుతో కొందరినైనా చేర్చుకుని మొదలుపెట్టొచ్చా?

వేరు_పరీక్ష:
వద్దు. ట్రయల్ మొత్తానికి ఒకే బ్యాచ్ చేయండి. దాన్ని 40 డిగ్రీలు, 75 శాతం తేమలో పెట్టి ప్రతినెలా శతావరిన్, తేమ చూడండి. మూడు నెలలు నిలబడ్డాక సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు చేసుకుని, ఆ తర్వాతే మొదటి తల్లిని చేర్చుకోండి. ట్రయల్ ముగిసేదాకా కొన్ని సాచెట్లు సీలు తీయకుండా పక్కన పెట్టండి.