బాబు బొమ్మకారుని బూట్లో దాచాడు. మీడియేషన్‌లో ఏమేం రాయించుకోవాలి?

నెల్లూరమ్మాయి:

నమస్తే అండీ. మాది నెల్లూరు. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులోనే ఉన్నాను. నేనూ, మా బాబు వాళ్ల నాన్నా విడిగా ఉండబట్టి ఏడాదిన్నర దాటింది. బాబుకి ఆరేళ్లు, ఒకటో తరగతి. నేను మారతహళ్లిలో, ఆయన ఎలక్ట్రానిక్ సిటీలో. పోట్లాడి పోట్లాడి ఇద్దరం అలిసిపోయాం, ఒప్పుకుని విడిపోదాం అనుకున్నాం. ఆయన ముందు వేసిన కేసులో జడ్జిగారు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని రాజీ మాట్లాడుకోమని, పంపారు. వచ్చే నెల సిద్ధయ్య రోడ్డులో న్యాయ దేగుల అనే కోర్టు భవనంలోని మీడియేషన్ సెంటరుకి వెళ్లాలి. డబ్బు సంగతి దాదాపు తేలింది. బాబు సంగతే తేలలేదు.

ఇప్పటిదాకా కాగితం మీద ఏమీ లేదు. ఆదివారం పదింటికి వస్తానంటారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి వచ్చేసరికి పన్నెండు. వాడు తొమ్మిదిన్నరకే బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంటాడు. సాయంత్రం ఆరింటికి దింపుతానని ఎనిమిదిన్నరకి దింపుతారు. గేటు దగ్గర మేమిద్దరం మాటా మాటా అనుకుంటుంటే వాచ్‌మన్ తల తిప్పుకుంటాడు, బాబు తిప్పుకోలేడు కదా. తప్పు నాదీ ఉంది. ఒకసారి కోపంతో, వాడికి జ్వరమని అబద్ధం చెప్పి పంపలేదు.

పోయిన ఆదివారం రాత్రి షూ ర్యాక్ సర్దుతున్నాను. వాడికి పొట్టైపోయిన పాత స్కూల్ బూట్లో ఎర్ర బొమ్మకారు ఉంది. చప్పుడు రాకుండా చక్రాల చుట్టూ సాక్స్ కుక్కాడు. ఇదెక్కడిది నాన్నా అంటే వాడి మొహం పాలిపోయింది. “నాన్న కొన్నాడు. నువ్వు ఏడుస్తావని దాచా” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మేమో “ఆదివారం రెండు గంటలు చూపిస్తే చాలు, అలవాటు చేస్తే బిడ్డని లాగేసుకుంటారు” అంటుంది. గుంటూరులో వాళ్ల నానమ్మ సంక్రాంతికి మనవడు కావాలంటుంది. నాకు మూడు విషయాలు చెప్పండి. ఏమేం రాయించాలి? రాసింది తర్వాత మార్చుకోవచ్చా? ఎక్కువ రోజులు ఒప్పుకుంటే వాడు నా చేతిలోంచి పోతాడా?

జయనగర్ ప్లీడరు:

అమ్మా, నేను చాలా ఏళ్లుగా ఫ్యామిలీ కోర్టు కేసులే చూస్తున్నాను. మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను, మీ టెన్షనంతా అక్కడే ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని ఉంది. మీ వాడికి ఆరొచ్చాయి కదా, ఇక తండ్రికే ఇస్తారేమో అని చాలామంది భయపడతారు. అలా ఏమీ లేదు. అదే చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా ముందు చూడాల్సింది పిల్లాడి క్షేమం. తండ్రిని కలవనిచ్చిందని తల్లిని కోర్టు తప్పుపట్టగా నేను చూడలేదు. కలవనివ్వని వాళ్లకి జడ్జిగారు గట్టిగా చెప్పడం మాత్రం చాలాసార్లు విన్నాను. అందుకే ఆ జ్వరం అబద్ధం ఇంకెప్పుడూ వద్దు. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందడం బిడ్డ హక్కని సుప్రీంకోర్టు 2020లో ఒక తీర్పులో స్పష్టంగా చెప్పింది. దూరంగా ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉండాలంది.

రాసింది మార్చుకోవచ్చు. పిల్లల కస్టడీ ఆర్డరు, అంటే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది, రాతి మీద గీత కాదు. వయసు, స్కూలు, ఊరు మారితే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద విడాకుల తర్వాత కూడా అడగొచ్చు.

ఇక రాయించాల్సింది. “ఇద్దరికీ వీలైనప్పుడు” అనే మాట ఒప్పందంలో ఎక్కడా ఉండనివ్వకండి. గొడవలన్నీ ఆ మాటలోంచే పుడతాయి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరు తీసుకెళ్తారు, ఆలస్యమైతే ఎంతసేపు చూడాలి, అన్నీ అంకెలతో రాయించండి. పాస్‌పోర్టు, స్కూల్ మార్పు, ఆపరేషన్ లాంటివి ఇద్దరూ కలిసి తేల్చుకోవాలని పెట్టండి. ఫీజు కట్టలేదని బాబుని పంపకపోవడం, పంపలేదని ఫీజు ఆపడం, రెండూ కుదరవని కూడా రాయించండి. ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకునేటప్పుడు హిందూ వివాహ చట్టం 13బి కింద ఆరు నెలలు ఆగాలన్న గడువుని కోర్టు తలచుకుంటే తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి పెట్టిన షరతుల్లో బిడ్డ కస్టడీ సంగతి నిజంగా తేలిపోయి ఉండడం ఒకటి. మీడియేషన్ గదిలో అనుకున్న మాటలు బయటికి రావు, మీ మనసులో ఉన్నది ధైర్యంగా చెప్పండి.

వేళచ్చేరి నాన్న:

అక్కా, నేను అటువైపు మనిషిని. చెన్నైలో ఉంటాను, పాపకి ఎనిమిదేళ్లు. నేనూ ఆలస్యంగా వెళ్లేవాణ్ణే. ఆఫీసు, ట్రాఫిక్ అని ఏవో చెప్పేవాణ్ణి. పాప గడియారం చూడ్డం నేర్చుకున్నాక “నాన్నా, పెద్ద ముల్లు రెండుసార్లు తిరిగింది” అంది. అంతే, ఆ తర్వాత ఒక్కసారీ లేటవలేదు.

మాకు బాగా పనికొచ్చింది ఏంటంటే, ఇంటి గేటు దగ్గర మార్చుకోవడం మానేశాం. శుక్రవారం స్కూల్ వదలగానే నేనే తీసుకొస్తాను, సోమవారం పొద్దున స్కూల్లోనే దింపుతాను. ఆమే నేనూ ఎదురుపడే పనే లేదు. పాపకి అమ్మని వదిలి వెళ్తున్నట్టు ఉండదు, స్కూల్ నుంచి ఇంటికి వస్తున్నట్టే ఉంటుంది.

ఇంకొకటి, వస్తువులు రెండేసి కొనండి. పాపకి ఉబ్బసం ఉంది. ఒకసారి ఇన్‌హేలర్ వాళ్లమ్మ దగ్గరే ఉండిపోతే రాత్రి పదకొండింటికి తాంబరం దాకా బండేసుకుని వెళ్లాను. పక్కింటావిడ దగ్గర కూర్చోబెట్టిన పాప ఊపిరి చప్పుడే దారంతా చెవుల్లో వినపడింది. మర్నాడే ఇంకోటి కొన్నాను. యూనిఫాం, బ్రష్, చెప్పులు అన్నీ రెండిళ్లలో ఉండాలి. బ్యాగు ఎంత చిన్నదైతే పిల్లకి అంత హాయి.

రెండిళ్ల అమ్మాయి:

నాకు ఇప్పుడు ఇరవయ్యేడు. రాజాజీనగర్‌లో అమ్మ దగ్గర, హెబ్బాళలో నాన్న దగ్గర పెరిగాను. మీ బాబు కారు గురించి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నానమ్మ నాకు వెండి పట్టీలు కొంటే, అమ్మ ఇంటికొచ్చే ఆటోలోనే విప్పి పెన్సిల్ డబ్బాలో పెట్టేదాన్ని. ఒకరోజు అమ్మ చూసింది. ఏమీ అడగకుండా, కింద కూర్చుని నా కాళ్లకి పెట్టి “మువ్వలు భలే ఉన్నాయే, ఆవిడ సెలక్షన్ మంచిది” అంది. ఆ తర్వాత ఇక దేన్నీ దాచలేదు.

ఆంటీ, వాడు తిరిగి రాగానే అక్కడ ఎవరొచ్చారు, ఏం వండారు, నా గురించి ఏమన్నారు అని అడగకండి. అన్నం పెట్టండి చాలు. చెప్పాలనిపిస్తే వాడే చెప్తాడు. “మీ నాన్నకి చెప్పు ఫీజు కట్టమని” లాంటి కబుర్లు మాత్రం వాడితో అసలు పంపకండి. నేను మోసిన వాటిలో బరువైనవి అవే.

నెల్లూరమ్మాయి:

అందరికీ దండాలు. ప్లీడరుగారూ, మీరు చెప్పాక నిన్న కాగితం తీసుకుని కూర్చున్నాను. వారం విడిచి వారం, శుక్రవారం స్కూల్ నుంచి ఆయనే తీసుకెళ్లాలి. సోమవారం పొద్దున ఎలక్ట్రానిక్ సిటీ నుంచి స్కూలుకి అంటే పిల్లాణ్ణి అయిదింటికే లేపాలి తమ్ముడూ, అందుకని ఆదివారం సాయంత్రం ఆరింటికి దింపడం అని రాశాను. మధ్యలో రోజూ రాత్రి ఏడున్నరకి వీడియో కాల్, ఆ సమయంలో నేను పక్క గదిలో ఉంటాను. ఇక్కడి స్కూల్లో సంక్రాంతికి ఊళ్లోలాగా సెలవులు ఉండవు, అందుకని ఒక ఏడు గుంటూరు, ఒక ఏడు నెల్లూరు. దసరా సెలవులు చెరిసగం. అమ్మకి చదివి వినిపించాను. ఇంకా గునుస్తోంది కానీ ఫోన్ పెట్టెయ్యలేదు.

రాత్రి వాణ్ణి కారు తెమ్మని అడిగాను. కాసేపు నా మొహం చూసి తెచ్చాడు. సాక్స్ తీసి నేలమీద ఇద్దరం అటూ ఇటూ తోసుకుంటుంటే ఒక డోరు ఊడింది. వాడు ఏడవలేదు. “నాన్న దగ్గర ఫెవిక్విక్ ఉంది, ఆదివారం అతికిస్తాడు” అన్నాడు. ఊడిన డోరు వాడి బ్యాగు ముందు జిప్‌లో వేసి ఉంచాను.